బోరు పోయిందా, బ్రీదర్ మూసుకుందా?

అమలాపురంలో 216 జాతీయ రహదారి వారన ఒక రేకుల షెడ్డు అనుకోండి. షెడ్డు బాబాయ్‌ది. అంబాసిడర్ ట్యాక్సీల రోజుల నుంచీ ఇంజన్లు దించి ఎక్కించిన చెయ్యి ఆయనది. అన్న కొడుకు ఐటీఐ చదివి, రాజమండ్రిలో ఒక సర్వీస్ సెంటర్లో పనిచేసి, ఇప్పుడు బాబాయ్ దగ్గరికే వచ్చేశాడు. ఫలానా వాళ్లని వేలెత్తి చూపించలేను గానీ, వీళ్లిద్దరి తగవు అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా వినిపిస్తుంది. ఒక ఇంట్లో కూడబెట్టుకున్న డబ్బు నిలుస్తుందా, ఊడ్చుకుపోతుందా అన్నది ఆ తగవు ఎటు తేలిందన్న దాని మీదే ఉంటుంది. అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. నా మొగ్గు ఎటు ఉందో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచను.

తగవు తెచ్చింది అంబాజీపేట మాస్టారి పెట్రోల్ కారు. ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య అతుకులోంచి ఆయిల్ కారుతోంది. వెనక క్రాంక్ సీల్ ఇప్పటికే రెండుసార్లు మార్పించారు. మార్చిన కొన్నాళ్లు పొడిగా ఉంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పున పొగ.

బాబాయ్: ఇంకా ఏం చూస్తావురా? మూత తియ్యగానే మొహాన కొట్టింది. బ్యాక్ కంప్రెషన్. రింగులు అరిగాయి, బోరు పోయింది. మాస్టారికి ఫోన్ చేసి ఇంజన్ పని ఉందని చెప్పేద్దాం.

అబ్బాయ్: పొగ వచ్చిన మాట నిజమే బాబాయ్. బోరు పోయిందని ఆ పొగ చెప్పలేదు, నువ్వు చెబుతున్నావు. షోరూం నుంచి నిన్న దిగిన కారులో కూడా రింగుల పక్కనుంచి కొంత గ్యాసు కిందికి దిగుతుంది. రింగు కొసల మధ్య సందు ఉంచి తీరాలి, లేకపోతే వేడికి సాగి బోరుని పట్టేస్తుంది. ఆ సందులోంచి దిగే గ్యాసు ఎంత అన్నది ఒక ప్రశ్న. దిగిన గ్యాసు బయటికి పోతోందా లేదా అన్నది ఇంకో ప్రశ్న. రెండోది అడక్కుండానే మొదటిదానికి తీర్పు చెప్పేస్తున్నాం మనం.

బాబాయ్: పోకపోతే మూతలోంచి ఎలా వచ్చింది?

అబ్బాయ్: వేరే దారి లేక వచ్చింది. 2011లో మన కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పుకున్న కష్టాల్లో మురుగు కాలువల పూడిక కూడా ఒకటి. చేలో నీళ్లు నిలిచాయంటే వాన ఎక్కువై ఉండొచ్చు, మురుగు కాలువ పూడి ఉండొచ్చు. చేను మునగడం రెండిటికీ ఒకేలా కనిపిస్తుంది, పార పట్టుకుని వెళ్లాల్సిన చోటే వేరు.

బాబాయ్: మురుగు కాలువ కంటికి కనిపిస్తుంది. ఇక్కడ ఎక్కడ చూపిస్తావో చూపించు.

అబ్బాయ్: టాపెట్ కవర్ మీద రెండు బ్రీదర్ పైపులు ఉన్నాయి చూడు. ఇది ఎయిర్ ఫిల్టర్ వైపు వెళ్తుంది, యాక్సిలరేటర్ తలుపుకి ముందు. అక్కడి నుంచి మంచి గాలి లోపలికి వస్తుంది. రెండోది ఆ తలుపు దాటాక ఇన్‌టేక్ మానిఫోల్డుకి వెళ్తుంది, మొదట్లోనే పీసీవీ వాల్వ్ ఉంది. మానిఫోల్డులో ఉండే లాగుడు ఈ పైపులోంచి, క్రాంకు తిరిగే ఛాంబర్‌లోని గ్యాసుని పీల్చి మళ్లీ కాల్చేస్తుంది. స్లోలో లాగుడు బలంగా ఉంటుంది, అప్పుడు వాల్వ్ లోపలి ముక్క పైకి లేచి దారిని సన్నం చేస్తుంది. లేకపోతే ఐడ్లింగ్ చెడిపోతుంది. రోడ్డు మీద ఒక వేగంలో పోతుంటే దారి పెద్దదవుతుంది. ఇంజన్ వెనక్కి పేలితే పూర్తిగా మూసుకుంటుంది, మంట ఛాంబర్‌లోకి పోకుండా.

బాబాయ్: మరి పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కితే? అప్పుడు మానిఫోల్డులో లాగుడే ఉండదు కదా. గ్యాసేమో అప్పుడే ఎక్కువ దిగుతుంది.

అబ్బాయ్: అప్పుడు మిగిలిన గ్యాసు మొదటి పైపులో వెనక్కి నడిచి ఎయిర్ ఫిల్టర్ దగ్గర తేలుతుంది. అందుకే ఫిల్టర్ డబ్బాలో కొంచెం ఆయిల్ చెమ్మ కనిపించగానే కంగారు పడక్కర్లేదు. ఇప్పుడు మాస్టారి డబ్బా చూడు. అడుగున ఆయిల్ మరక ఉంది, ముట్టుకుంటే అంటడం లేదు. ఎండిపోయి, దుమ్ము పట్టి ఉంది. అంటే ఒకప్పుడు గ్యాసు ఈ దారిన వెనక్కి వచ్చింది, తర్వాత మానేసింది. గ్యాసు తగ్గి మానేసిందంటావా?

బాబాయ్: మరక సంగతి తర్వాత. వాల్వ్ తీసి ఇటివ్వు. (ఊపి చూసి) టకటకమంటోంది. వాల్వ్ బాగానే ఉంది.

అబ్బాయ్: చప్పుడు రాకపోతే పోయినట్టే. వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు. లోపల ముక్క కదులుతోందని తెలిసింది, అంతే. దాని స్ప్రింగు నీరసించిందో లేదో, ఇదివరకెవరో వేరే ఇంజన్ వాల్వ్ తెచ్చి పెట్టారో లేదో చప్పుడు చెప్పదు. అయినా దీన్ని నేను తప్పు పట్టడం లేదు. దీనికి తగిలించిన పైపు చూడు.

ఆ పైపు దగ్గర కాస్త ఆగాలి. కంపెనీ నల్ల రబ్బరు పైపు ఎప్పుడో చిట్లి ఉంటుంది. దాని బదులు ఎవరో మెత్తటి ప్లాస్టిక్ పైపు ముక్క కోసి తొడిగారు. అల్లవరం, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల దగ్గర ఇలాంటి పైపు చుట్టలకు కొదవ లేదు. చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా, నిక్షేపంగా ఉంది. ఇంజన్ వేడెక్కి, ఆయిల్ ఆవిరి తగిలి, మానిఫోల్డు లోపలి నుంచి లాగేసరికి మధ్యలో చప్పిడైపోయింది. రెండు గోడలూ అతుక్కున్నాయి. ఇంజన్ ఆపితే నెమ్మదిగా మళ్లీ గుండ్రమైంది. షెడ్డుకి తెచ్చిన బండిని చల్లారనిచ్చి, బానెట్ ఎత్తి చూసే మెకానిక్‌కి ఈ తప్పు ఎప్పటికీ కనిపించదు. నీళ్లకీ గాలికీ పనికొచ్చే పైపు ఆయిల్ ఆవిరికి పనికిరాదని ఆ ముక్క తొడిగిన మనిషికి తెలియకపోవడం వల్ల రెండు సీళ్లూ, రెండుసార్లు గేర్‌బాక్స్ దించిన కూలీ మాస్టారి నెత్తిన పడ్డాయి.

బాబాయ్: ఒప్పుకున్నాను, ఈ పైపు పనికిరాదు. కానీ నీ లెక్క ప్రకారమే ఇది మూసుకుంటే ఎయిర్ ఫిల్టర్ పైపులోంచి గ్యాసు వెనక్కి పోవాలి. అది తెరిచే ఉందిగా. సీల్ తన్నుకుని ఎందుకు పోతుంది?

అబ్బాయ్: మంచి మాట అడిగావు. ఒక దారి మూసుకుంటే రెండోది కాపాడుతుంది. రెండూ మూసుకుంటేనే సీల్ మీద పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ పైపు తీసి టాపెట్ కవర్ ముక్కులో స్క్రూడ్రైవర్ పెట్టు.

పెట్టి తీస్తే కొసకి పసుపు కలిసిన తెల్లటి ముద్ద అంటుకొచ్చింది. ముక్కు మొత్తం దాంతో పూడి, మధ్యలో అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో మరక ఎందుకు ఎండిందో దానితో తేలిపోయింది.

బాబాయ్: ఇదిగో, తెల్ల ముద్ద! హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయి. ఇప్పుడేమంటావు?

అబ్బాయ్: రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయని మాస్టారు చెప్పలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఆయిల్‌లాగే ఉంది, పాలలా తిరగలేదు. ముద్ద పైన మాత్రమే ఉంది, చల్లగా ఉండే చోట. ఇది ఆవిరి నీళ్లు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. చాలావరకు సైలెన్సర్లోంచి పోతాయి, రింగులు దాటి వచ్చిన కొంచెం ఛాంబర్‌లోకి దిగుతుంది. ఇంజన్ బాగా కాగితే అది మళ్లీ ఆవిరై పైపులోంచి పోతుంది. కాగకపోతే టాపెట్ కవర్ లోపల చల్లబడి ఆయిల్‌తో కలిసి ఇలా అవుతుంది. మాస్టారు ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకి. ఇంజన్ కాగేలోపే ఆపేస్తారు.

బాబాయ్: ఇక్కడేమన్నా మంచు కురుస్తోందా, ఇంజన్ కాగకపోవడానికి? ఎండాకాలం మన ఊళ్లో బానెట్ మీద అట్లు పోయొచ్చు.

అబ్బాయ్: థర్మోస్టాట్ ఉంటే మన ఎండలో నాలుగు కిలోమీటర్లకే దారిన పడేది. ఈ బండికి థర్మోస్టాట్ లేదు. పీకేశారు.

బాబాయ్: నేనే పీకాను. రెండు వేసవుల కింద హీట్ అవుతోందని తెచ్చారు. పీకాక మళ్లీ హీట్ అయిందని ఒక్కరోజు రాలేదు. తప్పేముంది? రేవులో పంటు కోసం ఏసీ వేసుకుని కూర్చుంటే ఏ బండైనా మరుగుతుంది. థర్మోస్టాట్ పట్టేసిందంటే హెడ్డు వంగిపోతుంది. హెడ్డు పోవడం కంటే కొంచెం చల్లగా నడవడం మేలు కాదా?

అబ్బాయ్: పట్టేసిన దాన్ని పీకడం తప్పు కాదు బాబాయ్, కొత్తది పెట్టకపోవడం తప్పు. అది లేకపోతే ఇంజన్ మొదలైన క్షణం నుంచీ నీళ్లు రేడియేటర్ దాకా తిరుగుతూనే ఉంటాయి. సెన్సర్ ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోయిస్తుంది. ఆ పెట్రోలు కొంత బోరు గోడల మీద ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది. నీళ్లూ, పెట్రోలూ, కాలిన మసీ కలిసి ఆయిల్ చిక్కబడి ముద్ద కడుతుంది. బ్రీదర్ మూసుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. హీట్ అయిన బండికి ఫ్యాన్ స్విచ్ చూడాలి, రేడియేటర్ పూడిక చూడాలి, థర్మోస్టాట్ మార్చాలి.

బాబాయ్: కారణాలు తర్వాత వల్లెవేద్దువు గాని, ముందు నిజంగా లోపల ఒత్తిడి ఉందని చూపించు. నోటి మాటకి ముప్పై ఏళ్ల అలవాటు మార్చుకోను.

ఇక్కడ అబ్బాయ్ చేసిన పని నాకు బాగా నచ్చింది. పక్కన ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రి దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చాడు, మట్టం చూడ్డానికి వాళ్లు నీళ్లు పోసి వాడే సన్నటి తెల్ల గొట్టం. దాన్ని ఆంగ్ల అక్షరం ‘యు’ లాగా వంచి చెక్కకి కట్టాడు. మోచెయ్యంత ఎత్తున రెండు కాళ్లలోనూ సగం వరకు నీళ్లు పోశాడు. ఎత్తు తక్కువైతే ఇంజన్ నీళ్లని లోపలికి పీల్చేసుకునే ప్రమాదం ఉంది, ఆ జాగ్రత్త చెప్పి మరీ కట్టాడు. ఒక కొసని డిప్‌స్టిక్ తీసేసిన గొట్టానికి బిగించాడు, రెండో కొస గాలికి వదిలేశాడు. పాత పైపునే తిరిగి తొడిగి, ముక్కులోని ముద్దని కదపకుండా, ఇంజన్ వేడెక్కే దాకా నడిపాడు. పైపు చప్పిడవుతున్న కొద్దీ బయటి కాలులో నీళ్లు పైకి లేచాయి. నాలుగు వేళ్ల తేడా. యాక్సిలరేటర్ ఇస్తే ఇంకా లేచాయి. తర్వాత ముక్కు శుభ్రం చేసి, ఆయిల్ ఆవిరికి నిలబడే సరైన పైపు వేసి మళ్లీ నడిపాడు. ఈసారి నీళ్లు ఇంజన్ వైపు కాలులో లేచాయి. వేలెడు. అంటే లోపల ఒత్తిడి పోయి, లాగుడు వచ్చింది.

అబ్బాయ్: కంపెనీలు కూడా ఇదే చూస్తాయి బాబాయ్. కొత్త పెట్రోల్ మోడల్‌ని అమ్మడానికి అనుమతించే ముందు చేసే భారత్ స్టేజ్ పరీక్షల్లో ఇదొకటి. డిప్‌స్టిక్ గొట్టం దగ్గరే కొలుస్తారు. స్లోలోనూ, 50 కిలోమీటర్ల వేగం దగ్గరా లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని మించకూడదు. వాళ్ల పరికరం వేరు, మన లెవెల్ పైపు చెప్పేదీ అదే.

బాబాయ్: గొట్టం బాగుంది. దీన్ని షెడ్డులో ఉంచు. అయితే ఒకటి చెప్పు. ఒత్తిడి తగ్గింది. గ్యాసు తగ్గిందా?

అబ్బాయ్: తగ్గలేదు.

బాబాయ్: మరి? మూడు నెలలకి సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తే మాస్టారు నా గుమ్మం తొక్కుతారు. పైపు మార్చి పంపడం తేలిక. రింగులు పోయిన బండికి మంచి బ్రీదర్ పెడితే ఏం జరుగుతుందో తెలుసా? ఇన్నాళ్లూ సీల్లోంచి కారిన ఆయిల్ ఇప్పుడు పొగమంచులా మానిఫోల్డులోకి వెళ్లి కాలుతుంది. జబ్బు కనపడకుండా పోతుంది. లక్ష కిలోమీటర్లు దాటిన బండిలో రెండూ ఉండొచ్చురా, కాలువా పూడొచ్చు, వానా ఎక్కువవచ్చు.

అబ్బాయ్: ఆ మాటకి నా దగ్గర అడ్డం లేదు. అందుకే కంప్రెషన్ గేజి పెడదామంటున్నాను. దారి తెరిచాక మిగిలింది మొదటి ప్రశ్నే.

ప్లగ్గులు నాలుగూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి, సెల్ఫ్ కొట్టి చూశారు. మూడు సిలిండర్లు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. మూడో నంబరు సిలిండర్ కిందికి ఉంది. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అది పైకి లేచింది. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందు మూసింది కాబట్టి లేచింది. అలా లేవకపోతే వాల్వ్ సీటు మీదో గ్యాస్కెట్ మీదో అనుమానపడాలి.

బాబాయ్: చెప్పానా? మూడోదాని రింగులు.

అబ్బాయ్: చెప్పావు. కానీ నాలుగూ పోయినట్టు ‘బోరు పోయింది’ అన్నావు. ఒక సిలిండర్ రింగులు కొంత నీరసించాయి, మిగతా మూడూ నిలబడ్డాయి. ఇంత దానికి ఇంజన్ దించుదామా? కంపెనీ మాన్యువల్ కనీసం ఇంత ఉండాలన్న అంకె కంటే ఇది పైనే ఉంది. ముద్ద కట్టిన ఆయిల్ వల్ల రింగు గాడిలో ఇరుక్కుని కూడా ఉండొచ్చు. ఆయిల్ మార్చి, థర్మోస్టాట్ పెట్టి, పైకి గీత దాకా ఆయిల్ పోసి, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఎంత తగ్గిందో చూద్దాం. తగ్గుడు ఎక్కువుంటే అప్పుడు నువ్వన్నదే చేద్దాం.

బాబాయ్: ఇంతకంటే సులువైన పని ఒకటుంది. అంబాసిడర్‌కి ఉండేది చూడు, గొట్టం ఒకటి ఇంజన్ పక్కనుంచి రోడ్డు మీదికి దిగి ఉండేది. గ్యాసు దారిన గ్యాసు పోయేది. మానిఫోల్డు శుభ్రం, వాల్వ్ బెడద లేదు. ఇప్పటికీ ట్యాక్సీ వాళ్లు వచ్చి, బ్రీదర్ పైపు పీకి కిందికి వదిలెయ్యమంటారు. వదిలేస్తాను. ఒక్కడూ తిట్టలేదు.

అబ్బాయ్: ఆ గొట్టం కొసని ఏటవాలుగా కోసేవాళ్లు. బండి పరిగెత్తుతుంటే గాలి దాని పక్కనుంచి దూసుకుపోయి లాగేది. బండి ఆగితే లాగుడూ ఆగేది. సఖినేటిపల్లి రేవులో స్టార్ట్‌లో పెట్టుకుని నిలబడ్డ బండికి అదేం పనిచేస్తుంది? ఇంకో సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు లోతు నీళ్లలోంచి దాటాల్సి వచ్చేసరికి ఈ కిందికి దిగే గొట్టంలోంచి నీళ్లు ఇంజన్‌లోకి వెళ్లేవి. దాన్ని మూసి, లోపలికే పీల్చే పద్ధతి పెట్టింది అప్పుడే. మన లంక గ్రామాల్లో బండ్లు నడిపేవాళ్లకి ఇది తెలియాలి. 2022 జూలై వరదప్పుడు కాజ్‌వేల మీద నీళ్లు ఎంతెత్తున పారాయో నువ్వు చూశావు. వేడి ఇంజన్ నీళ్లలో ఆగిపోయి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని, వేలాడే పైపులోంచి నీళ్లని పీలుస్తుంది.

బాబాయ్: వరద రోజు బండి తియ్యమని ఎవడన్నాడు? మామూలు రోజు మాట చెప్పు.

అబ్బాయ్: మామూలు రోజు బండి వెనక నడిచేవాడు పీలుస్తాడు. ఆ గ్యాసులో కాలని పెట్రోలు ఉంటుంది. లాస్ ఏంజిలిస్ మీద కమ్మే పొగమంచు ఎండలో ఇలాంటి ఆవిర్ల నుంచే పుడుతోందని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త 1950ల మొదట్లో తేల్చాడు. కారు వదిలే కాలని ఇంధనంలో దాదాపు అయిదో వంతు సైలెన్సర్లోంచి కాకుండా ఈ బ్రీదర్ గొట్టంలోంచే వచ్చేది. కాలిఫోర్నియా ప్రభుత్వం 1961లో కార్లకి విధించిన మొట్టమొదటి కాలుష్య నియంత్రణ పరికరం ఈ పీసీవీ వాల్వే. క్యాటలిటిక్ కన్వర్టర్ కంటే ముందు వచ్చింది. పోనీ గాలి సంగతి వదిలెయ్. పైపు పీకేస్తే ఛాంబర్‌లోంచి ఆవిరిని లాగే బలమే ఉండదు, ఆయిల్ తొందరగా పాడవుతుంది. మానిఫోల్డు వైపు రంధ్రం మూయడం మరిచిపోయావనుకో, అక్కడి నుంచి లెక్కలోకి రాని గాలి లోపలికి పోయి స్లో పెరుగుతుంది, చెక్ లైట్ వెలుగుతుంది. స్కానర్ పెడితే పి0171 అని చూపిస్తుంది, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని. అది చూసి ఎవరో ఇంజెక్టర్లు మారుస్తారు.

బాబాయ్: ఆ నంబరు నేనూ చూశాను. కొత్తపేట నుంచి వచ్చిన బండి, విజిల్ వేసినట్టు కూత. స్లోలో ఆయిల్ మూత పైకి రాదు, లోపలి నుంచి ఎవరో పట్టుకున్నట్టు బిగుసుకుంది.

అబ్బాయ్: అది మాస్టారి బండికి తిరగేసిన జబ్బు. ఆ మోడల్లో వాల్వ్ టాపెట్ కవర్‌లోనే కలిసి ఉంటుంది, లోపల పల్చటి రబ్బరు పొర. అది చిరిగితే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, మానిఫోల్డు లాగుడంతా ఛాంబర్ మీద పడుతుంది. సీల్ అప్పుడు బయటికి కారదు, లోపలికి గాలి పీల్చి కూస్తుంది. మన లెవెల్ పైపు పెడితే నీళ్లు గట్టిగా ఇంజన్ వైపు పరిగెడతాయి.

బాబాయ్: సరే, పెట్రోల్ బండ్లలో పైపు పీకను. డీజిల్ మాటేంటి? పొగని కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ ఉన్న బండ్లలో ఈ ఆయిల్ ఆవిరీ, పొగ మసీ కలిసి మానిఫోల్డు లోపల తారులా పేరుకుంటుంది. సగానికి సగం మూసుకుపోయినవి విప్పాను. దానికి నువ్వేం చెబుతావు?

అబ్బాయ్: అది నిజమే, నేను కాదనను. దానికి ఆయిల్ వేరుచేసే డబ్బా శుభ్రంగా ఉంచడమే మందు. పైపు రోడ్డు మీదికి వదలడం కాదు.

బాబాయ్: రా, అయితే ఆ రాజోలు ట్యాక్సీ దగ్గరికి. మూడు లక్షలు తిరిగిన డీజిల్. మూత వదులు చేసి పెడితే ఎగిరి కిందపడింది. ఇప్పుడు నీ పైపులూ వాల్వులూ చూపించు.

అబ్బాయ్: దీనికి పీసీవీ వాల్వ్ లేదు, మానిఫోల్డులో పెట్రోల్ బండికి ఉన్నంత లాగుడూ ఉండదు. బ్రీదర్ టర్బో ముందు కలుస్తుంది. డీజిల్లో మూత ఎగరడం ఒక్కటే సాక్ష్యం కాదు, పిస్టన్లు కిందికి దిగే ఊపుకే మూత ఆడుతుంది. గ్యాసు కూడా మూడు చోట్ల నుంచి రావచ్చు. రింగులు ఒకటి. టర్బో బేరింగ్ దగ్గర సీల్ పోతే అక్కడి ఒత్తిడి ఆయిల్ తిరిగొచ్చే పైపు వెంట ఛాంబర్‌లోకి దిగుతుంది, అది రెండు. మూడోది ఎవరూ చూడరు. బ్రేకు బూస్టర్ కోసం గాలి లాగే వ్యాక్యూమ్ పంపు ఆ గాలిని తెచ్చి ఇంజన్‌లోనే వదులుతుంది. బూస్టర్ పైపుకి చిల్లు పడితే పంపు ఆగకుండా బయటి గాలి తెచ్చి పోస్తూనే ఉంటుంది.

బాబాయ్: ఆయిల్ లెవెల్ చూశావా?

అబ్బాయ్: లేదు.

బాబాయ్: అన్నిటికంటే ముందు అది చూడాలిరా. గీత పైన ఆయిల్ ఉంటే క్రాంకు చిలికి నురగ చేస్తుంది, ఆ నురగంతా బ్రీదర్లో పడుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిళ్లలో ఫిల్టర్‌లోని మసి కాల్చడానికి ఎక్కువ డీజిల్ కొట్టి, అది ఆయిల్లోకి దిగి లెవెల్ పెరిగిన బండ్లు వస్తున్నాయి. ఈ ట్యాక్సీ పాతది, ఆ గొడవ లేదు. చూడు, లెవెల్ కింద గీతకి వచ్చింది. సర్వీసు అయి నెల కూడా కాలేదు. పొద్దున్నే సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ లేవడం లేదు. ఎత్తు వంతెన ఎక్కితే పికప్ లేదు. టర్బో పైపు విప్పాను, ఆయిల్ తడి ఉంది గానీ షాఫ్ట్ ఊగడం లేదు. మూడూ కలిస్తే నాకు రింగులే కనిపిస్తున్నాయి.

అబ్బాయ్: నాకూ అలాగే అనిపిస్తోంది. అయినా వ్యాక్యూమ్ పంపు పైపు తీసి, మూసి, ఒకసారి ఒత్తిడి చూద్దాం. రెండు నిమిషాల పని. ఆ తర్వాత టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్ ఉందిగా. ఒక్కో పిస్టన్‌ని కంప్రెషన్‌లో పైకి తెచ్చి, బండిని గేరులో పెట్టి, గ్లో ప్లగ్గు రంధ్రంలోంచి గాలి పంపుదాం. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు. సైలెన్సర్లో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వ్, ఫిల్టర్ దగ్గరైతే ఇన్‌టేక్ వాల్వ్. రేడియేటర్లో బుడగలొస్తే గ్యాస్కెట్. నీ చెవి నా గేజి కంటే పదునే, దానికి సరైన చోటు చూపిస్తే చాలు.

బాబాయ్: ఇవన్నీ చేస్తే ఒక పూట. మాస్టారి బండికి మరో పూట పోయింది. పైపు, థర్మోస్టాట్, ఆయిల్, ఒక సీల్ కలిపినా ఇంజన్ పనిలో పదో వంతు రాదు. పరీక్షకి డబ్బులెవరిస్తారురా? మనవాళ్లు చేతికి కనిపించే సామానుకి ఇస్తారు. కొత్త పిస్టన్ చూపిస్తే వేలు లెక్కపెడతారు. నీళ్ల గొట్టం పెట్టి చూశామంటే వంద కూడా విదల్చరు. ఇంజన్ పని చెప్పేది ఆశ కొద్దీ అనుకుంటున్నావేమో, షెడ్డు అద్దె కట్టాలి, ఇద్దరు కుర్రాళ్లకి జీతాలివ్వాలి.

అబ్బాయ్: పరీక్ష కూలి బిల్లులో విడిగా రాద్దాం, వేరే లైనులో. చప్పిడైన ఆ పాత పైపు మాస్టారి చేతికిద్దాం. కంప్రెషన్ అంకెలు నాలుగూ బిల్లు వెనక రాసి, తేదీ, మీటర్ రీడింగ్ వేద్దాం. వచ్చే ఏడు మళ్లీ కొలిస్తే మూడో సిలిండర్ దిగిందో లేదో ఆ కాగితం చూసే చెప్పొచ్చు. అప్పుడు ఇంజన్ పని నువ్వు చెబితే ఆయన బేరమాడరు.

బాబాయ్: మాస్టారు కాబట్టి కాగితం దాచుకుంటారు. రాయి. మూడోదాని కింద గీత పెట్టు. ట్యాక్సీకి మన గేజి సరిపోదు, డీజిల్ది పొద్దున్నే తెప్పించు. హెడ్డు దించేది అది చూశాకే.